మూడు షిఫ్టుల పుస్తకం

మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలకు పద్మ నా చేతికి టీ గ్లాసు ఇచ్చింది. ఆ సమయం గుర్తుండడానికి పెద్ద కారణమేమీ లేదు. కొత్తగూడెంలో బొగ్గు కార్మికుల క్వార్టర్లలో పెరిగినవాళ్లకు మూడు ఎప్పుడు దాటిందో గడియారం చూడకుండానే తెలుస్తుంది. గనిని మేం బాయి అంటాం. మూడింటికి సైరన్ మోగి మొదటి షిఫ్టు ముగుస్తుంది. అది వినగానే ఇళ్లలో పొయ్యి మీద టీ నీళ్లు పెడతారు. మనిషి వచ్చి సైకిలు గోడకు ఆనించే వేళకు టీ గ్లాసులో ఉండాలి. పద్మ ఇంట్లో ఇప్పుడు బాయికి వెళ్లేవాళ్లు ఎవరూ లేరు. భర్త బ్యాంకులో పనిచేస్తాడు. అయినా మూడింటికి లేచి పొయ్యి వెలిగించింది.

ముందురోజే వాళ్లమ్మ సరోజనత్తమ్మ దినాలు అయిపోయాయి. చుట్టాలు ఎవరి బస్సు వాళ్లు ఎక్కారు. అత్తమ్మ మాకు రక్తసంబంధం కాదు. పక్క క్వార్టరు. కాలనీలో వరసలు గోడలను బట్టి వస్తాయి. పద్మ గ్లాసు ఇచ్చి, లోపలికి వెళ్లి, ఒక గుడ్డసంచి తెచ్చి నా ఒడిలో పెట్టింది.

"వదినా, గిది నీకియ్యమన్నది అమ్మ. పోయేముందు మళ్ల మళ్ల యాది చేసింది."

"అది చేతుల నుంచి ఇడువద్దు గదనే," అన్నాను. ఆ ఇంట్లో కూర్చుంటే నా మాట కూడా ఆ యాసలోకి దిగిపోతుంది.

"ఆ చేతులు లెవ్వు గదా ఇంక," అంది పద్మ. ఏడవలేదు. టీ చల్లారుతోందని గుర్తు చేసింది.

సంచిలో ఉన్నది ఒక పుస్తకంలో మూడో వంతు. ఆ పుస్తకం పేరు మాలో ఎవరికీ తెలియదు. నేను పుట్టకముందు కాలనీ క్లబ్బు వాళ్లు పాతవని తీసేసిన కట్టలోంచి మా నాన్న తెచ్చాడట, ఆయన్ని మేం బాపు అనేవాళ్లం. అట్టా లేదు, ముందు పేజీలూ లేవు. రాసినవాడి పేరు ఆ పేజీలతోనే పోయింది. ఏదో చలిదేశపు నవల, తెలుగులోకి ఎవరో శ్రద్ధగా తెచ్చారు. కథ చాలా చిన్నది. ఒక ముసలి వడ్రంగి తన ఇంటికి తాళం వేసి, దూరాన ఉన్న కూతురి ఊరికి నడిచి వెళతాడు. ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. మొదటి భాగం అతను ఎందుకు బయలుదేరాడన్నది. రెండో భాగం నడక. మూడో భాగంలో అతను కూతురి ఇంటి ముందు నిలబడతాడు. ఆ తలుపు ఆమె పెళ్లినాడు అతను చేసి ఇచ్చిందే.

బాపు పేరు రాజలింగు. బాయిలో బొగ్గు నింపేవాడు, కాలనీకి నాటకాలు రాసేవాడు. ఐలయ్య కాక అదే బాయిలో పైకప్పు కూలకుండా కట్టెదిమ్మెలు నిలబెట్టేవాడు, బొమ్మలు వేసేవాడు. మూడో మనిషి అత్తమ్మ భర్త ఓదెలు మామ. ముగ్గురూ స్నేహితులు, ముగ్గురివీ వేరు వేరు షిఫ్టులు. ఒకరు బాయిలో ఉంటే ఒకరు నిద్రలో, ఇంకొకరు తయారవుతూ ఉండేవాళ్లు. పుస్తకం ఒకరి దగ్గర ఉంటే మిగతా ఇద్దరికీ ఎదురుచూపే. అందుకని దాన్ని మూడు చేశారు. ఈ సంగతి అమ్మ చెప్పేటప్పుడు నవ్వు ఆపుకోలేకపోయేది. "యాట పోగులేసినట్టే ఏసిన్లు బిడ్డా," అనేది. పండక్కి మేకను కోస్తే వాటాలు సమంగా పోగులు పెడతారు. ఎవరికీ ఎముక ఎక్కువ, కండ తక్కువ రాకూడదు. వీళ్లూ పుస్తకాన్ని అట్లాగే చూశారు. అధ్యాయం ఎక్కడ ముగిసిందో చూడలేదు. మందం కొలిచి, సమానంగా గీత గీసి, బాపు రంపంతో వెన్ను కోశాడు. బాయిలోకి పేలుడు మందు వచ్చే డబ్బాల అట్ట తెచ్చి అమ్మ దబ్బనంతో కుట్టింది.

సమానంగా కోసినందువల్ల కోత ఒక వాక్యం మధ్యలో పడింది. మొదటి పోగు చివరన ముసలివాడు తలుపు మూసి తాళం వేసి తాళంచెవిని చేతిలోకి తీసుకుంటాడు. అక్కడితో పేజీ అయిపోతుంది. రెండో పోగు "బావిలో పారేసి" అని మొదలవుతుంది. ఐలయ్య కాకకు మొదట దొరికింది ఈ రెండో పోగు. ఎవడో ఏదో బావిలో పారేసి నడక మొదలుపెట్టాడని తప్ప ఆయనకు ఏమీ తెలియదు. బాయిలో పనిచేసే మనిషికి బావిలో ఏదైనా పడిందంటే మనసు ఊరుకోదు. ఆ వారమంతా ఏం పారేశాడో ఊహిస్తూ బొగ్గుముక్కతో ఇంటి గోడంతా బొమ్మలు వేశాడు. బొమ్మలు వేయడం తనకు అప్పుడే అబ్బిందని చెప్పేవాడు. ఓదెలు మామకు వచ్చింది మొదటి పోగు. ఆయన దాన్ని తలకింద పెట్టుకుని పడుకునేవాడు. గురక మొదలయ్యాక అత్తమ్మ మెల్లగా లాగి చదివేది. లేచేలోపు మళ్లీ తలకింద తోసేది. మామకు పుస్తకం ఎంతవరకు వచ్చిందని బాపు అడిగితే, "మెత్తగనే ఉంది," అన్నాడట. అప్పటి నుంచి ఆ పోగు అత్తమ్మదే అయింది. బాపుకు వచ్చింది చివరి పోగు.

వారం వారం షిఫ్టులు మారినప్పుడు పోగులూ మారాయి. మామకు బదులు అత్తమ్మను లెక్కేస్తే, ముగ్గురూ పుస్తకం మొత్తం చదివారు. అయితే ఒకే పుస్తకం చదవలేదు. అత్తమ్మ వరసగా చదివింది. ఆమెకు ముసలివాడు కూతురికి ఏం చేశాడో ముందు తెలిసింది, కాబట్టి చివరిదాకా అతన్ని క్షమించలేదు. తర్వాత ఆమె కాలనీ ఆడవాళ్లకు పాటలు కట్టింది. ఏ పాటైనా అన్యాయం ఎక్కడ మొదలైందో అక్కడి నుంచే ఎత్తుకునేది. కాకకు నడక ముందు తెలిసింది. ఆయన బొమ్మల్లో మనుషులు ఎప్పుడూ దారిలో ఉంటారు, ఎక్కడి నుంచి వచ్చారో ఎక్కడికి వెళుతున్నారో ఉండదు. బాపుకు ముగింపు ముందు తెలిసింది. చలిలో తలుపు బయట నిలబడ్డ ముసలివాణ్ని చూసిన తర్వాతే, అతను పూర్వం చేసిన తప్పులు చదివాడు. కోపం రావలసిన చోట ఆయనకు కోపం రాలేదు. నేను గిన్నె పగలగొట్టినా, తమ్ముడు పరీక్ష తప్పినా బాపు ముందు కాసేపు మా ముఖాలు చూసేవాడు. ఆ చూపు ఆయనకు ఆ పుస్తకం నుంచే వచ్చిందని నేను నమ్ముతాను. అమ్మ మాత్రం అది బద్ధకమని అనేది.

తర్వాత ఒక నియమం వచ్చింది, పెట్టింది బాపే. మొదట చేతికందిన పోగు ఎవరిది వారి దగ్గరే ఉంటుంది. ఎవరికీ అరువు ఇవ్వకూడదు, చేతుల నుంచి కదలకూడదు. ఎవరికైనా కావాలంటే ఆ పోగు గలవాళ్లే వచ్చి చదివి వినిపించాలి. అంతకుముందు ఇచ్చిన పుస్తకాలు తిరిగి రాకపోవడం దీనికి కారణం. కాని ఈ నియమం వల్లనే మా ఇంట్లో ఆదివారాలు మొదలయ్యాయి.

నాకు బాగా గుర్తున్నవి రెండు వేల తర్వాతి సంవత్సరాలు. నేను ఖమ్మంలో డిగ్రీ చదువుతూ, ఆ తర్వాత అక్కడే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక వరండాలో చాప పరిచేవాళ్లు. బొగ్గుల పొయ్యి మీద అమ్మ సర్వపిండి కాల్చేది. పల్లీలు, నువ్వులు మాడే వాసన, దండెం మీద ఎంత ఉతికినా నలుపు వదలని బాపు బట్టల వాసన కలిసి ఉండేవి. వచ్చేవాళ్లంతా పాటో, బొమ్మో, నాటకమో ఏదో ఒకటి తయారుచేసేవాళ్లే. తాము ఇట్లా కావడానికి కారణమైన పుస్తకం ఒకటి వెంట తెచ్చుకోవాలి. ఒక పేజీ పైకి చదవాలి. పుస్తకం బాగుంది, గొప్పది అంటే బాపు చెయ్యి అడ్డం పెట్టేవాడు. "సదివినవ్ సరే. సదివినంక ఏం జేసినవ్? గది చెప్పు," అనేవాడు. దానికి జవాబు లేనివాళ్లకు సర్వపిండి పెట్టేవాళ్లు గాని, మళ్లీ వారం చదవమనేవాళ్లు కాదు.

కాలనీ నాటకాలకు హార్మోనియం వాయించే మాస్టరు ఒక ఆదివారం పాత రైల్వే టైమ్‌టేబుల్ తెచ్చాడు. అత్తమ్మ ఊరుకోలేదు.

"ఏంది మాస్టరూ, గిది పుస్తకమా? దీనికన్న నా రేషన్ కార్డు తెస్తే అయిపోవు."

"ముందు ఇను సరోజనక్కా." మాస్టరు తొడ మీద తాళం వేస్తూ చదివాడు. "డోర్నకల్, కారేపల్లి... చీమలపాడు, తడికలపూడి... బేతంపూడి. ఇన్నవా? చీమలపాడు తడికలపూడి కాడ నడక మారుతది. చిన్నప్పుడు గిది సదువుకుంటనే నాకు తాళం వచ్చింది."

"మరి భద్రాచలం రోడ్డు?" అంది అత్తమ్మ. మా కొత్తగూడెం స్టేషన్‌కు అదే పేరు.

"గాడ దిగిపోవుడే. పాట అయిపాయె."

అత్తమ్మ నవ్వి ఓడిపోయానని ఒప్పుకుంది. ఆ మధ్యాహ్నం అందరం స్టేషన్ల పేర్లు పాడాం.

చర్ల వైపు ఆశ్రమ పాఠశాలలో పనిచేసే సోయం సారు నెలకోసారి వచ్చేవాడు. తానూ కోయవాడే, కోయ పాటలు ఊరూరా తిరిగి రాసుకునేవాడు. దారి బాగుండేది కాదు. బస్సు ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా నడిచి, ఎండాకాలమైతే సంచిలో తునికి పండ్లు తెచ్చేవాడు. ఆయన తెచ్చిన పుస్తకం నాలుగో తరగతి తెలుగు వాచకం. ఒక పాఠం చదివి, "గిండ్ల మా ఇంట్ల మాట్లాడే మాట ఒక్కటి లేదు. ఎంత ఎతికినా దొరకలే. ఎతుకుడు అలవాటైంది. ఊర్ల పొంటి తిరిగి ఇప్పటికి ఎతుకుతున్న," అన్నాడు. బాపు ఆ రోజు ప్రశ్న అడగలేదు. నేను విశ్వవిద్యాలయాల్లో పెద్దవాళ్ల ఉపన్యాసాలు చాలా విన్నాను. ఒక పుస్తకం మనిషిని ఎట్లా తయారుచేస్తుందో సోయం సారు చెప్పినంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు.

ఈ ఆదివారాలకు ఐలయ్య కాక రాకుండా పోయిన కాలం ఒకటుంది. దానికి కారణం బాపు. ముసలి వడ్రంగి కథను బాపు నాటకంగా రాశాడు. పుస్తకం చివర ఏముందంటే, రాత్రంతా మంచు పడింది, తెల్లవారింది, లోపలి నుంచి గడియ తీసిన చప్పుడైంది, గడప మీద ముసలివాడు ఉన్నాడు. అంతే. బతికి ఉన్నాడా లేదా అన్నది లేదు. బాపు లెక్కలో అతను చనిపోయాడు. నాటకంలో అట్లాగే రాశాడు. పరదా వేసింది కాక. ఆయన ఆ పరదా మీద తలుపు ముందు ముసలివాణ్ని నిలబెట్టాడు, ఒక చెయ్యి తలుపు మీద ఆనించి. నాటకం రోజు పొద్దున బాపు పరదా చూసి, వెనక మనిషి నిలబడి ఉంటే ముందు శవం ఎవరిదని అడుగుతారని, సున్నం తెచ్చి ఆ బొమ్మ మీద పూసేశాడు. కాకకు చెప్పలేదు. కాక సాయంత్రం భార్యను వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చుని తన పరదా మీద తెల్లటి మచ్చ చూశాడు. నాటకం అయ్యేదాకా లేవలేదు. చప్పట్లు కూడా కొట్టాడు. మర్నాడు తన పోగు తీసుకుని కాలనీ నుంచే వెళ్లిపోయాడు. బాయి పని వదిలేసి భద్రాచలంలో లాడ్జీలకు, దుకాణాలకు బోర్డులు రాసుకుంటూ ఉన్నాడని తెలిసేది. బాపు ఆయన మాట ఎత్తేవాడు కాదు. అయితే ఆదివారం చాప మీద ఆయన కూర్చునే మూలలో ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు.

తర్వాత బాపు ఊపిరి దెబ్బతింది. అన్‌ఫిట్ అని ఇంటికి పంపారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. దవాఖానాలో డాక్టరు అమ్మను పక్కకు పిలిచి ఇంటి దగ్గరే ఉంచుకోమన్నాడు. బాపుకు ఎవరూ చెప్పలేదు గాని ఆయనకు తెలుసు. ఒకరోజు నేను కాళ్లు ఒత్తుతుంటే మెల్లగా అన్నాడు.

"బిడ్డా, ఆ పుస్తకం మొదటి నుంచి ఆఖరి దాక వరసగ నేనెన్నడు ఇనలే. ముగ్గురం ఒక్క షిఫ్టుల ఎన్నడు పడలేదాయె. ఒక్కసారి వరసగ ఇనాల్నని ఉంది."

"ఇన్నేండ్లకా బాపూ?"

"ముసలోడు సచ్చిండనే రాసిన నేను. ఆఖరు ముందుగాల సదివిన గద, నాకు గట్లనే కనవడ్డది. మొదటి నుంచి వస్తే గడప మీద ఎట్ల కనవడ్తడో చూడాలె. నేను పోకముందుగాలనే చూడాలె."

ఇంకేమీ అడగలేదు. మందులు, ఇంకో ఊరి ఆస్పత్రి, చూడాలనుకున్న చుట్టం, ఏదీ అడగలేదు. మొదటి పోగు పక్కింట్లో ఉంది, చివరిది ఆయన దిండు పక్కన ఉంది. మధ్యది గోదావరి అవతల ఉంది.

మర్నాడు భద్రాచలం బస్సెక్కాను. వానాకాలం. వంతెన మీద బస్సు నెమ్మదించినప్పుడు అందరూ అలవాటుగా కిటికీల్లోంచి నీళ్లు ఎంత దూరం వచ్చాయో చూశారు. కాకను వెతకనవసరం లేకపోయింది. గుడి దగ్గర ఒక లాడ్జీ ముందు నిచ్చెన మీద ఉన్నాడు. బోర్డు మీద సగం పేరు రాసి ఉంది.

"ఎవలే? రాజలింగు బిడ్డవా?"

"అవ్ కాకా."

"మీ బాపు పంపిండా?"

"పంపలే. నేనే వచ్చిన."

"గట్లయితే చాయ తాగి పో. మధ్యాహ్నం బస్సు దొరుకుతది."

"బాపుకు పానం మంచిగ లేదు కాకా."

కుంచె ఆగింది. రంగు కారి ఆయన మణికట్టు మీదికి వచ్చింది. తుడుచుకోలేదు. "ఎంత మంచిగ లేదు?"

చెప్పాను. పుస్తకం వరసగా వినాలన్న మాట కూడా చెప్పాను. ఆయన నిచ్చెన దిగకుండానే విన్నాడు.

"నీ పోగు ఇయ్యి కాకా. సదివినంక నేనే తెచ్చిస్త."

"ఇయ్య."

"ఒక్క వారం."

"ఒక్క గడియ సుత ఇయ్య. ఎవల పోగు వాళ్ల చేతుల నుంచి కదలద్దని నియమం వెట్టింది ఎవడు? నేనా? మీ బాపేనాయె."

ఇక మాట్లాడి లాభం లేదనుకున్నాను. కాక నిచ్చెన దిగి, కిరసనాయిలు గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటీ తుడుచుకుని, రమ్మన్నట్టు తల ఊపి నడిచాడు. ఆయన కిరాయి ఇల్లు ఏటి వైపు సందులో ఉంది. గోడ మీద నడుము ఎత్తున పాత వరద గీత కనిపిస్తోంది. రెండో పోగు పాలిథిన్ సంచిలో చుట్టి, పైకప్పు దగ్గర మేకుకు వేలాడదీసి ఉంది. గోదావరికి అందకుండా. స్టూలు ఎక్కి దాన్ని తీసి, చొక్కా మార్చుకుని, భార్యతో రెండు మాటలు చెప్పి బయటికి వచ్చాడు.

"పుస్తకం కదలాల్నంటే నేను కదలాలె. గంతే. వాని కోసం వస్తలేను. నియమం కోసం వస్తున్న. తొవ్వ పొంటి గిదే యాదికుంచుకో," అన్నాడు. బస్సులో కొత్తగూడెం దాకా సంచి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకున్నాడు.

వరండాలో మంచం మీద బాపు కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బాపు, "తిన్నవా?" అన్నాడు. కాక, "బస్టాండుల తిన్న," అన్నాడు. అమ్మ లోపలి నుంచి, "ఇంటికొచ్చేటోడు బస్టాండుల తింటడా? చెయ్యి కడుక్కో," అంది. కాక కడుక్కున్నాడు. చాప మీద తన మూల ఖాళీగా ఉండడం చూసి కాసేపు నిలబడి, అక్కడే కూర్చున్నాడు.

చదవడం చాలా మధ్యాహ్నాలు సాగింది. బాపుకు ఊపిరి ఉన్నంతసేపు చదివేవాళ్లు. ఆయన కళ్లు మూసుకుంటే ఆపేవాళ్లు. "ఇంటున్ననే, ఆపకు," అని కసిరితే మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. చదవడం అయ్యేదాకా కాక భద్రాచలం వెళ్లలేదు, మా ఇంట్లోనే ఉన్నాడు. మాస్టరు వచ్చేవాడు. సోయం సారు సెలవు పెట్టుకుని ఉండిపోయాడు. అత్తమ్మ చదువుతుంటే ముసలివాడి తప్పులు ఒక్కొక్కటీ వినిపించేవి. ఆమె గొంతులో ఏ తప్పూ చిన్నది కాదు. "చూసినవా అన్నా, బిడ్డ పెండ్లినాడు ఏమన్నడో! గిసుంటోని మీద నువ్వు జాలివడ్డవ్," అని మధ్యలో బాపుతో తగాదా పెట్టుకునేది. చివరికి తాళంచెవి దగ్గరికి వచ్చి ఆగింది. కాక తన అట్ట తెరిచాడు. "బావిలో పారేసి," అని చదివాడు. వాక్యం ఏమిటో అందరికీ ముందే తెలుసు. అయినా రెండు గొంతులతో అది పూర్తయ్యేసరికి బాపు నవ్వాడు. నవ్వు దగ్గయింది. అమ్మ నీళ్లు తెచ్చింది.

కాక మెల్లగా చదివేవాడు. నడక అంతా ఆయన దగ్గరే ఉంది. చెరువు గట్లు, గడ్డకట్టిన దారులు, ముసలివాడికి రాత్రికి చోటిచ్చినవాళ్లు, ఇవ్వనివాళ్లు. చదువుతూ చదువుతూ మంచం వైపు చూసేవాడు. బాపు ఎగఊపిరి ఎక్కువైతే వాక్యం చివర ఎక్కువసేపు ఆగేవాడు.

మూడో పోగు బాపుది. దాన్ని తెరిచి ఒక పేజీ చదివాడు. ఆ పేజీకి చాలాసేపు పట్టింది. తర్వాత ఇక ఊపిరి అందలేదు. నియమం ఆయనదే, ఆయనే చదవాలి. పుస్తకం గుండెల మీద పెట్టుకుని కాసేపు ఉండి, నా వైపు జరిపాడు.

"నా పోగు నా బిడ్డ చేతులకు ఇస్తున్న. ఎవలకన్న అభ్యంతరముంటే చెప్పుండ్రి."

"బిడ్డ చెయ్యి నీ చెయ్యి గాదా? సదువనీ," అన్నాడు కాక.

నేను అంతవరకు ఆ పుస్తకాన్ని వినడమే గాని పట్టుకోలేదు. చాలా బరువుగా ఉంటుందనుకున్నాను. తేలిగ్గానే ఉంది. మిగతా మధ్యాహ్నాలు నేనే చదివాను. చివరి పేజీకి వచ్చేసరికి పొయ్యి దగ్గర అమ్మ కూడా చెయ్యి ఆపింది. మంచు పడింది, తెల్లవారింది, గడియ తీసిన చప్పుడైంది, గడప మీద ముసలివాడు ఉన్నాడు. చదివి అట్ట మూశాను.

బాపు మెల్లగా కాక వైపు తిరిగాడు. "నిలవడ్డడు ఐలయ్యా," అన్నాడు. "గంత దూరం నడిచినోడు ఆడికొచ్చి పండుకోడు. నువ్వు ఏసిందే నిజం. నేను సున్నం పూసిన."

కాక తల దించుకుని ఉన్నాడు. "లేదన్నా," అన్నాడు. "నాకిప్పుడు గట్ల అనిపిస్తలేదు. పైకి సదువుతుంటే ఎరుకైంది. ఆ నడకల్నే వాని దమ్మంతా అయిపోయింది. సచ్చిపోయే ఉంటడు. నువ్వు రాసిందే కరెక్టు."

"నిలవడ్డడంటున్న గదరా!"

"సచ్చిండన్నా. నీకు తెల్వది."

ఇన్నేళ్లు ఒక ముగింపు కోసం మాటలు మానుకున్నవాళ్లు, ముగింపులు మార్చుకుని మళ్లీ మొదలుపెట్టారు. బాపు ముఖంలో ఆ నెలల్లో ఎప్పుడూ చూడని రంగు వచ్చింది. అత్తమ్మ విసుక్కుంది.

"మీ ఇద్దరికి బుద్ధి రాదు. ముసలోడు నిలవడ్డడా పండుకున్నడా, గదేనా? ఆ పిల్ల తలుపు తీసింది. గది ఇనవడలేదా మీకు? గన్ని తప్పులు చేసినోనికి తలుపు తీసింది."

అప్పటిదాకా ఆ తలుపు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ముగ్గురూ ఎన్నిసార్లు చదివారో. అత్తమ్మ కూడా అంతకుముందు ఎప్పుడూ అనలేదు. ఆమెకు కూడా అది ఆ మధ్యాహ్నమే వినపడిందేమో.

బాపు చలికాలం దాకా ఉన్నాడు. అప్పటిదాకా ప్రతి ఆదివారం కాక భద్రాచలం నుంచి వచ్చి, నిలబడ్డాడా పడుకున్నాడా అని ఆయనతో వాదించి సాయంత్రం బస్సుకు వెళ్లేవాడు. బాపు ఎప్పుడూ ఒప్పుకోలేదు. పోయేవరకు ముసలివాణ్ని నిలబెట్టే ఉంచాడు. కొన్నేళ్లకు కాక పోయాడు. ఇప్పుడు అత్తమ్మ.

నేను ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివాను, కొన్ని రాశాను. ఇంటి నిండా పుస్తకాలున్నాయి, అన్నింటికీ పేర్లున్నాయి, రాసినవాళ్ల ఫొటోలున్నాయి. మిమ్మల్ని తీర్చిదిద్దిన పుస్తకాలేవి అని పత్రికలవాళ్లు అడుగుతుంటారు. జాబితా అడుగుతారు. స్నేహితులు ఫోన్లో అట్టల ఫొటోలు పంపుకుంటారు. అందులో తప్పేమీ లేదు. మంచి పుస్తకాలు నాకు అట్లా కూడా తెలిశాయి. కాని ఒక మనిషి తన పుస్తకాన్ని గొంతుతో మోసుకొచ్చి మన ముందు కూర్చుంటే, ఆ పుస్తకంతో పాటు ఆ మనిషి ఊపిరి కూడా వస్తుంది. నాకు అది దొరికింది. ఆ వరండా దొరికింది. అంతకంటే గొప్ప చదువు నాకు ఎక్కడా దొరకలేదు. ఈ మాట వాళ్లు ఉన్నప్పుడు వాళ్లతో అనలేదు. అంటే బాపు చెయ్యి అడ్డం పెట్టేవాడు.

ముగ్గురి ముగింపులూ ఇప్పుడు నాకు తెలుసు. ఈ నాలుగు పేజీలు రాయడం మొదలుపెట్టినప్పుడు వాళ్ల మొదటి రోజులు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. వాళ్ల మొండితనాలు, పంతాలు, అనుకోకుండా అన్న మాటలు. ఒక్కదానికీ కోపం రాలేదు. బాపుకు ఎందుకు రాలేదో తెలిసింది.

ఆ రోజు పద్మ ఇంటి నుంచి ఆ గుడ్డసంచితో బస్టాండుకు వెళ్లేటప్పుడు కాలనీ మీదుగా నడిచాను. చాలా క్వార్టర్లు ఖాళీ. ఉన్నవాళ్లలో సగం మంది ఓపెన్‌కాస్టులో, అంటే నేల మీద తవ్వే గనిలో, యంత్రాల మీద పనిచేస్తారు. ఆడవాళ్లు గుమ్మాల్లో కూర్చుని పలకరించారు, ఎవరి బిడ్డవని అడిగి గుర్తుపట్టారు. ఆ రోజు ఆదివారమే. వరండాలన్నింటికీ గ్రిల్స్ పెట్టించుకున్నారు. లోపల టీవీలు మోగుతున్నాయి, ఫోన్లు మోగుతున్నాయి, పిల్లలు ట్యూషన్‌కు పోతున్నారు. కాలనీలో ఇప్పుడు ఎవరూ ఎవరికీ పుస్తకం పైకి చదివి వినిపించరు.